ఇంటిపేరు కలిస్తే చాలదు: వంశవృక్షంపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

వంశవృక్షం ఎక్కడ మొదలుపెట్టాలి, పాత కాగితాలు ఎవరి దగ్గరుంటాయి అని తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ నెల జవాబులిస్తున్నాం. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాం.

ప్రశ్న: నెట్‌లో మా ఇంటిపేరు కొడితే ఎవరో తయారుచేసిన వంశవృక్షం కనబడింది. విజయనగర రాజుల కాలం దాకా ఉంది. మా ముత్తాత పేరు దాని కింద అతికించుకోవచ్చా?
– తిరుపతి పాఠకుడు

జవాబు: వద్దు. ఇంటిపేరు సాధారణంగా ఊరిపేరునుంచో, చేసిన పనినుంచో వస్తుంది. ఒక ఊరినుంచి వలసపోయిన నాలుగు వేర్వేరు కుటుంబాలు నాలుగు చోట్ల ఆ ఊరిపేరే ఇంటిపేరుగా పెట్టుకుని ఉండొచ్చు. గోత్రం కలిసినా అంతే. తిరుమల శాసనాల్లో మీ ఇంటిపేరుగల దాత కనిపించినా ఆయన మీ తాత అయిపోడు.

మేము పాటించే లెక్క ఒక్కటే: తండ్రి పేరు, కొడుకు పేరు రెండూ ఒకే కాగితంలో ఉంటేనే ఆ కొమ్మ ఖాయం. లేదంటే ఒకరినొకరు సంప్రదించుకోకుండా ఇద్దరు పెద్దవాళ్ళు ఒకే మాట చెప్పాలి. ఈ రెండూ లేని కొమ్మను పెన్సిల్‌తో గీసి ఉంచండి, చెరిపేసే అవకాశం ఉంటుంది.

మీతో మొదలుపెట్టి పైకి వెళ్ళండి. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. అసలు పేరు, పిలుపు పేరు, పుట్టిన ఊరు, చనిపోయిన సంవత్సరం, భార్య పుట్టింటి ఇంటిపేరు, ఊరు రాయండి. ప్రతి మాట పక్కనా అది ఎవరు చెప్పారో, ఏ కాగితంలో ఉందో, ఏ తేదీన రాసుకున్నారో రాయండి. ఈ చివరిది బద్ధకించి వదిలేసినవాళ్ళు రెండేళ్ళ తర్వాత తమ నోటుపుస్తకాన్ని తామే నమ్మలేరు.

అవ్వనో తాతనో "ఏ సంవత్సరంలో పుట్టినావు" అని అడిగితే లాభం లేదు. ఊరంతా ఎరిగిన సంగతికి ముడిపెట్టి అడగండి. కొండకు మొదటి ఘాట్ రోడ్డు పడేనాటికి, అంటే 1944కి, పెళ్ళయిందా? తిరుపతిలో యూనివర్సిటీ పెట్టిన 1954లో చంకలో బిడ్డ ఎవరు? తిరుత్తణి తాలూకా మద్రాసుకు పోయిన 1960 నాటికి మామగారు బతికే ఉన్నారా? వాళ్ళ అవ్వతాతలు చెప్పిన ధాతు కరువు మాట వస్తే అది 1876-78 నాటిది. ఇద్దరు పెద్దవాళ్ళుంటే విడివిడిగా అడగండి. కలిపి కూర్చోబెడితే గొంతు పెద్దదైనవాళ్ళ చరిత్రే మిగులుతుంది.

ప్రశ్న: పలమనేరు దగ్గర పల్లెలో తాతల నాటి భూమి ఉంది. ముత్తాత తండ్రి పేరు ఎవరికీ తెలియదు. భూమి కాగితాలు పట్టుకుని ఎంత దూరం వెనక్కి పోవచ్చు?
– పలమనేరు పాఠకుడు

జవాబు: బాగానే పోవచ్చు. సేద్యం చేసిన కుటుంబానికి వంశవృక్షం వెబ్‌సైట్ల కంటే రిజిస్ట్రారు ఆఫీసే పెద్ద దిక్కు.

ముందు సర్వే నంబరు పట్టుకోండి. హక్కుదారు వివరాలుండే 1బి లోనూ, సాగు వివరాలుండే అడంగల్‌లోనూ ఉంటుంది. ఈమధ్య రీసర్వే జరిగిన గ్రామాల్లో దాని బదులు ఎల్.పి.ఎం. (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వచ్చింది. దానితో వెనక్కి పోలేరు, పాత పాసుపుస్తకం తీసి పాత నంబరు రాసుకోండి. ఆ నంబరు తీరు కూడా చూడండి. 112/2బి అని ఉందంటే ఒకప్పుడు 112 మొత్తం ఒకే చెక్క. అది 1, 2గా చీలింది, తర్వాత 2 మళ్ళీ ఎ, బిగా చీలింది. చీలిన ప్రతిసారీ అమ్మకమో అన్నదమ్ముల భాగాలో జరిగి ఉంటాయి. 2ఎ ఎవరి చేతిలో ఉందో కనుక్కుంటే చాలాసార్లు మీకు తెలియని దాయాదుల ఇల్లు దొరుకుతుంది.

తర్వాత ఈసీ, అంటే ఆ భూమిమీద రిజిస్టరైన లావాదేవీల జాబితా. ఆన్‌లైన్‌లో 1983 నుంచి వస్తుంది. అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఊరు, సర్వే నంబరు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా అని రాసి మాన్యువల్‌గా వెతికించాలి. ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, ఇప్పటి సర్వే నంబరు ఇచ్చి 1915 నుంచి వెతకమంటారు. ఆనాటికి ఆ సబ్‌డివిజనే పుట్టలేదు, "ఏమీ లేదు" అని కాగితం వస్తుంది. పాత కాలానికి గీత (/) తర్వాతివి తీసేసి 112 అని మాత్రమే ఇవ్వండి. ఇంకా పాత దస్తావేజుల్లో పైమాషీ (సర్వేకు ముందటి పాత కొలత) నంబర్లుంటాయి, అవి సర్వే నంబర్లు కావు, తికమకపడొద్దు. నంబరే తెలియనప్పుడు పేరుతో వెతకొచ్చు. రిజిస్ట్రారు దగ్గర ఇండెక్స్ 1 మనుషుల పేర్లది, ఇండెక్స్ 2 ఆస్తులది. రాసిచ్చినవాళ్ళూ రాయించుకున్నవాళ్ళూ ఇద్దరి పేర్లూ ఇండెక్స్ 1లో ఎక్కుతాయి, తండ్రి పేరు, ఊరుతో సహా. వీలునామాలు వేరుగా బుక్ 3లో ఉంటాయి. రాసిన మనిషి పోయిన తర్వాత నకలు ఎవరైనా అడగొచ్చు.

క్రయపత్రాలకంటే ముందు భాగపరిష్కార పత్రం కోసం వెతకండి. ఊళ్ళలో పారీఖత్తు అంటారే, అదే. 1930ల నాటిది ఒకటి ఇలా మొదలవుతుందనుకోండి: "ఫలానా గ్రామ కాపురస్తులు, కీ.శే. మునెప్ప కొమారులు 1. వెంకటప్ప, వయసు సుమారు 48, 2. గంగులప్ప, వయసు సుమారు 40, 3. వీరి తమ్ముడు కీ.శే. నారప్ప కొమారుడు మైనరు మునెప్ప, సంరక్షకురాలు తల్లి లక్షుమమ్మ..." ఈ నాలుగు ముక్కల్లోనే మూడు తరాలున్నాయి. పెద్ద మునెప్ప అప్పటికే పోయాడు. నారప్ప నలభైలోపే పోయాడు, బిడ్డ చిన్నవాడు. ఆ బిడ్డకు తాత పేరే పెట్టారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఇరవయ్యేళ్ళ తర్వాతి పట్టాలో "మునెప్ప" అని కనిపిస్తే అది మనవడు. తండ్రి పేరు చూడకుండా తాత పేజీలో రాస్తే తాత చచ్చిన పాతికేళ్ళకు పొలం కొన్నట్టవుతుంది.

కింద ఆస్తి షెడ్యూలులో చెక్కుబంది, అంటే నాలుగు వైపుల హద్దులు చదవకుండా వదలకండి. "తూర్పు: మా చిన్నాయన గుర్రప్ప వారసుల భూమి" అని ఉందంటే పెద్ద మునెప్పకు గుర్రప్ప అనే తమ్ముడున్నాడన్నమాట. ఇంకే కాగితంలోనూ ఆ మాట ఉండకపోవచ్చు. సాక్షి సంతకాలూ చూడండి. మైనరు పక్షాన నిలబడ్డ సాక్షి చాలాసార్లు మేనమామే. ఆయన ఊరు లక్షుమమ్మ పుట్టినూరు కావచ్చు. కావచ్చు అనే రాసుకోండి.

"సుమారు 48" అన్నదాన్ని పట్టుకుని పుట్టిన సంవత్సరం లెక్కకట్టి ఖాయం చేయకండి. అటూ ఇటూ ఐదేళ్ళు వదలండి. తండ్రికీ కొడుక్కీ మధ్య పన్నెండేళ్ళే తేడా వచ్చిందంటే అన్నను తండ్రిగా రాసి ఉంటారు. మరీ ఎక్కువ తేడా వచ్చిందంటే మధ్యలో ఒక తరం జారిపోయి ఉండొచ్చు.

రిజిస్ట్రేషన్ దాటి వెనక్కి పోవాలంటే రెవెన్యూ రికార్డు. డైగ్లాట్‌లో సర్వే నంబరు వారీగా ఆనాటి పట్టాదారు పేరుంటుంది. ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ రాసి ఉండటంవల్ల ఆ పేరు. 10(1) ఖాతాలో ఒక పట్టాదారు భూములన్నీ ఒకచోట ఉంటాయి. ఇనాము భూమి, అంటే పాత పాలకులు శిస్తు తగ్గించో మాఫీ చేసో ఇచ్చిన భూమి అయితే మీ అదృష్టం. 1858లో మొదలైన ఇనాం కమిషన్ విచారణలో తయారైన ఇనాం ఫెయిర్ రిజిస్టరులో ఇనాము మొదట ఎవరికి ఇచ్చారు, ప్రస్తుతం ఎవరు అనుభవిస్తున్నారు, వాళ్ళ చుట్టరికం ఏమిటి అన్నది రాశారు. రికార్డు రూములో నకలు కోసం సి.ఎ. (కాపీ అప్లికేషన్) దరఖాస్తు పెట్టేటప్పుడు "మా పూర్వీకుల రికార్డులు ఇప్పించండి" అని రాస్తే తిరిగొస్తుంది. గ్రామం, పాత తాలూకా, సర్వే నంబరు లేదా ఇనాముకిచ్చిన టి.డి. (టైటిల్ డీడ్) నంబరు, రిజిస్టరు పేరు రాయండి.

ఇంకో మాట. 1984లో గ్రామాధికారుల పదవులు రద్దయ్యాక లెక్కలు తాలూకా ఆఫీసుకు చేరాయి. కానీ కొందరు కరణాల ఇళ్ళలో చిత్తుప్రతులు, సొంత నోట్సు ఇప్పటికీ పెట్టెల్లో ఉన్నాయి. మర్యాదగా అడిగితే చూపిస్తారు. భూమి తగాదా కోసం కాదని మొదటే చెప్పండి.

ప్రశ్న: మా ఊరు కార్వేటినగరం జమీనులో ఉండేది. 1940కి ముందు పట్టా రికార్డు లేదంటున్నారు. నిజమేనా?
– పుత్తూరు పాఠకురాలు

జవాబు: సర్కారు పట్టా లేకపోవడం మామూలే. కార్వేటినగరం, పుంగనూరు, కాళహస్తి జమీను గ్రామాల్లో రైతు శిస్తు కట్టింది జమీందారుకు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వే, సెటిల్‌మెంటు జరిగి సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ తయారైంది. మీకు సర్కారు రికార్డు అక్కడినుంచి మొదలు. అంతకు ముందుదానికి 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం కింద జమీందారు ఇచ్చిన పట్టా, రైతు రాసిచ్చిన ముచ్చలికా (ఒప్పుకోలు పత్రం) ఇంట్లోనే ఉండాలి. దూలం మీద, బియ్యం గాదె వెనక, దేవుడి పెట్టెలో వెతకండి. రిజిస్టరైన దస్తావేజులు మాత్రం జమీను ఊళ్ళకూ ఉంటాయి.

ప్రశ్న: సత్యవేడు దగ్గరి ఊరు మాది. చిత్తూరు కలెక్టరేటులో పాత రికార్డు దొరకలేదు.

జవాబు: 1960 దాకా సత్యవేడు చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. ఆంధ్ర, మద్రాసు సరిహద్దు తగాదాపై వచ్చిన పటాస్కర్ తీర్పు ప్రకారం తిరుత్తణి మద్రాసు వైపు పోయింది, సత్యవేడు ఇటు వచ్చింది. చిత్తూరు జిల్లాయే 1911 ఏప్రిల్ 1న పుట్టింది. అంతకు ముందు చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు ఉత్తర ఆర్కాటులో, మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలో ఉండేవి. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి, 2022లో తిరుపతి, అన్నమయ్య జిల్లాలు వేరుపడ్డాయి. అందుకే ఊరిపేరు కింద ఆ కాలానికి ఏ తాలూకా, ఏ జిల్లా అన్నది తేదీలతో రాసిపెట్టుకున్నాకే ఆఫీసుకు పోవాలి. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి రికార్డు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో చూడాలి. తూర్పు మండలాల పాత దస్తావేజులు తమిళంలో ఉండొచ్చు, తెలుగువైతే గొలుసుకట్టు రాతలో ఉండొచ్చు. రెండింటికీ చదివిపెట్టే మనిషిని ముందే చూసుకోండి.

ఈ ప్రాంతంలో ఇంకో చిక్కు ఇంటిపేరు. నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు చాలామంది పేరుకు ముందున్న పొడి అక్షరం ఇంటిపేరు కాదు, తమిళ పద్ధతిలో తండ్రి పేరు. తాత "జి. మునుస్వామి", తండ్రి "ఎం. చెంగల్రాయుడు", మీరు "సి. ఫలానా" అయితే ముగ్గురికీ మూడు ఇంటిపేర్లు అనుకోకండి. ఆ అక్షరాలే తరాల వరుస చెప్తున్నాయి.

ప్రశ్న: ముత్తాత పెళ్ళి లగ్నపత్రికలో "వికారి నామ సంవత్సర మాఘ శుద్ధం" అని ఉంది. ఇంగ్లీషు సంవత్సరం ఎలా తెలుస్తుంది?
– చంద్రగిరి పాఠకుడు

జవాబు: ప్రభవ 1867లో, 1927లో, 1987లో వచ్చింది. అరవై పేర్లలో మీ సంవత్సరం ఎన్నోదో చూసి, అందులోంచి ఒకటి తీసేసి వీటికి కలపండి. వికారి 33వది. 1867కి 32 కలిపితే 1899, తర్వాతది 1959. ఇక్కడితో ఆగితే తప్పు. సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది, మాఘం వచ్చేసరికి జనవరి-ఫిబ్రవరి. అంటే పెళ్ళి 1900లో, లేదా 1960లో. పుష్యం చివర, మాఘం, ఫాల్గుణం ఉన్న కాగితాలన్నింటికీ ఈ ఒక సంవత్సరం తేడా వస్తుంది. పుష్యానికి తిథి చూసి తేల్చుకోండి.

రెండింట్లో ఏదన్నది ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, తేలుస్తుంది. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం, అది జూలై 1న మొదలవుతుంది. అదే ఏడు కట్టిన శిస్తు రసీదులో ఫసలీ 1309 అని ఉంటే 1899 జూలై నుంచి 1900 జూన్ దాకా. మాఘం అందులో పడింది, కాబట్టి 1900. శాలివాహన శకం ఉంటే 78 కలపండి. 1821కి 78 కలిపితే 1899 వస్తుంది, వికారి ఉగాది ఆ ఏడే. మాఘానికి ఇంకొకటి కలుపుకోవాలి. తమిళ నెలలు రాసిన కాగితమైతే సంవత్సరం పేర్లు అవే గానీ కొత్త సంవత్సరం ఏప్రిల్ మధ్యలో మొదలవుతుంది.

ఆ లగ్నపత్రికను ఇంకోసారి చదవండి. కన్యాదానంలో ప్రవర చెప్పేటప్పుడు వరుడు ఎవరి మునిమనవడు, ఎవరి మనవడు, ఎవరి కొడుకు అని వరసగా చెబుతారు, వధువుకూ అంతే. కొన్ని పత్రికల్లో అది రాసి ఉంటుంది. అప్పుడు ఒక్క కాగితంతో రెండు వైపులా మూడేసి తరాలు పైకి పోయినట్టే. తద్దినం పెట్టే ఇళ్ళలో పురోహితుడి చేతిపుస్తకంలోనూ తండ్రి, తాత, ముత్తాత, అటు తల్లి వైపు ముగ్గురి పేర్లుంటాయి. ప్రవరలో వినిపించే ఋషుల పేర్లను మాత్రం చెట్టులో ఎక్కించకండి.

ప్రశ్న: మా వంశవృక్షంలో అందరూ మగవాళ్ళే. ఆడవాళ్ళ పేర్లు ఎక్కడ దొరుకుతాయి?
– శ్రీకాళహస్తి పాఠకురాలు

జవాబు: మూడు చోట్ల. మొదటిది పసుపు కుంకుమ కింద కూతురికి రాసిచ్చిన దానపత్రాలు. అందులో కూతురి పేరు, అల్లుడి పేరు, వియ్యంకుడి పేరు, వాళ్ళ ఊరు వస్తాయి. రెండోది వితంతువు తన వాటా రాసిచ్చిన, లేదా మైనరు బిడ్డల తరఫున సంతకమో వేలిముద్రో పెట్టిన దస్తావేజులు. మూడోది పెళ్ళినాటి చదివింపుల పుస్తకం. దీన్ని ఎవరూ లెక్కచేయరు గానీ చాలా పనికొచ్చేది. "ఫలానా ఊరి చిన్నత్త 5 రూపాయలు, చెంబు ఒకటి" అన్న వరసలో చుట్టరికం, ఊరు రెండూ ఉన్నాయి. పెద్దమొత్తం చదివించినవాళ్ళు సాధారణంగా మేనమామలు, అంటే అమ్మ పుట్టింటివాళ్ళు. ఆ కొసను పట్టుకుని ఆ ఊళ్ళో అడగండి.

ఇల్లరికం వచ్చిన అల్లుళ్ళ దగ్గర జాగ్రత్త. భూమి మామగారి ఇంటిపేరునుంచి అల్లుడి ఇంటిపేరుకు మారుతుంది, చూసేవాళ్ళు అమ్మకం అనుకుంటారు. కొన్నిచోట్ల పిల్లలు తాతగారి ఇంటిపేరే పెట్టుకుంటారు. దత్తత అయితే చెట్టులో రెండు గీతలు గీయండి, కన్నవాళ్ళకు మామూలు గీత, పెంచినవాళ్ళకు చుక్కల గీత.

ప్రశ్న: మా నాన్న అక్క కూతుర్ని చేసుకున్నాడు. కంప్యూటర్‌లో వేస్తే ఒకే మనిషి రెండు చోట్ల వస్తున్నాడు. తెలుగు పేర్లు కూడా ప్రశ్నార్థకాలుగా మారుతున్నాయి.
– చిత్తూరు పాఠకుడు

జవాబు: మొదటిది తప్పు కాదు, మనవైపు చెట్లు అలాగే ముడిపడతాయి. నంబర్లు వేసి చూడండి. మీరు 1. ఎవరి నంబరునైనా రెట్టింపు చేస్తే వాళ్ళ తండ్రి, ఇంకొకటి కలిపితే తల్లి. నాన్న 2, అమ్మ 3, నాన్న తల్లిదండ్రులు 4, 5, అమ్మ తల్లిదండ్రులు 6, 7. ఏడో నంబరు అమ్మమ్మ మీ నాన్నకు అక్క. ఆమె తల్లిదండ్రులు 14, 15 కావాలి, కానీ వాళ్ళు 4, 5లో ఉన్నవాళ్ళే. ప్రోగ్రాములో ఆ ఇద్దర్నీ మళ్ళీ కొత్తగా సృష్టించకండి. ఉన్న దంపతుల కిందే కూతురిగా అమ్మమ్మను కలపండి. కొత్తగా సృష్టిస్తే తాతకు రెండు పేజీలు తయారై, ఒకదాన్లో సరిదిద్దిన తేదీ రెండోదాన్లో పాతదే మిగులుతుంది. ప్రింటులో రెండుసార్లు కనిపించినా పర్వాలేదు, లోపల ఒక్కడే ఉండాలి.

రెండోది అక్షరాల చిక్కు. వంశవృక్షం ప్రోగ్రాములు ఒకదాన్నుంచి ఒకదానికి జెడ్‌కామ్ అనే ఫైలుతో మారతాయి. ఎగుమతి చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ ఆన్సెల్ అనో ఆన్సీ అనో ఉంటే తెలుగు లిపి అందులో ఇమడదు, ప్రశ్నార్థకాలే మిగులుతాయి. యూటీఎఫ్-8 ఎంచుకోండి. జెడ్‌కామ్ 7లో అది తప్పనిసరి, 5.5.1లో మీరే ఎంచాలి. చెడిపోయిన ఫైలునుంచి తెలుగు తిరిగి రాదు, అసలు ప్రోగ్రాములోంచి మళ్ళీ ఎగుమతి చేయాలి. ఉచితంగా కావాలంటే గ్రాంప్స్ ఉంది. మీ కంప్యూటర్లోనే పనిచేస్తుంది, ఇంటి వివరాలు ఎవరి సర్వరుకూ పోవు. ఆన్‌లైన్ సైట్లలో పెట్టేవాళ్ళు బతికున్నవాళ్ళ పుట్టిన తేదీలు, తల్లి పుట్టింటి పేరు బయటికి కనబడకుండా చూసుకోండి. బ్యాంకులవాళ్ళు అడిగే రహస్య ప్రశ్నలకు జవాబులు అవే కదా.

ప్రశ్న: పిచ్చుకగుంట్లవాళ్ళు చెప్పే వంశం నమ్మొచ్చా? గయలో పేర్లు రాసిన పుస్తకాలుంటాయంటారు, నిజమా?

జవాబు: రెండూ వినాల్సినవే. ప్రభుత్వ జాబితాలో వంశరాజ్ అని ఉన్న పిచ్చుకగుంట్లవాళ్ళు రెడ్లు, కమ్మవారు వంటి కులాల గోత్రాలు, ఇంటిపేర్లు, వంశాలు తరతరాలుగా పాడుతూ వచ్చారు. ఇంటిపేరు ఏ ఊరినుంచి వచ్చింది, ఏ ఊరినుంచి ఏ ఊరికి కదిలారు అన్న మాట వాళ్ళ పాటలో పనికొస్తుంది. దాన్ని ఆచూకీగా వాడండి. తాతల వరుసగా రాసుకోకండి, మెచ్చుకోలు పాటలో తరాలు కుదించుకుపోతాయి. పాడింది మొత్తం రికార్డు చేసి, సంభావన ఇచ్చి పంపండి.

గయలో పండాల (తీర్థ పురోహితుల) దగ్గర యాత్రికుల పేర్లు రాసిన బహీలు, అంటే లెక్క పుస్తకాలుంటాయి. పోయేటప్పుడు ఊరు, పాత జిల్లా పేరు, ఇంటిపేరు, కాశీయాత్ర చేశారన్న పూర్వీకుడి పేరు, సుమారు సంవత్సరం రాసుకుపోండి. "చిత్తూరు" అంటే దొరక్కపోతే "ఆర్కాటు" అని అడగండి. హరిద్వారం బహీలు మైక్రోఫిల్ము తీసినవి ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల సైట్లో ఉన్నాయి గానీ అవి ఎక్కువగా ఉత్తరాదివాళ్ళవి. మనకు ఆ సైట్లో గంటలు గడపడం దండగ.

ప్రశ్న: మాది మదనపల్లె, మూడు తరాలుగా క్రైస్తవులం. అంతకు ముందు పేర్లు ఎలా?

జవాబు: బాప్తిస్మం రిజిస్టరు అడగండి. మదనపల్లె, చిత్తూరు, పలమనేరు వైపు అమెరికన్ ఆర్కాట్ మిషన్, తిరుపతి, కాళహస్తి వైపు లూథరన్ మిషన్ పనిచేశాయి. మీ సంఘం దేన్నుంచి వచ్చిందో తెలిస్తే రిజిస్టరు ఏ చర్చిలో ఉందో తేలుతుంది. పెద్దవాళ్ళయ్యాక బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకు పాత పేరు, తండ్రి పేరు రాసి ఉండొచ్చు. ఆ పాత పేరుతో మళ్ళీ భూమి రికార్డుకు పోవచ్చు. ముస్లిం కుటుంబాలకు ఖాజీ దగ్గరి నికా రిజిస్టరు ఇలాంటిదే, రెండు వైపుల తండ్రుల పేర్లుంటాయి.

ప్రశ్న: డర్బన్‌లో ఉన్న ఒకాయన మా ఊరివాడినంటూ రాశారు. ఇంటిపేరు మూన్‌సామీ. అలాంటి ఇంటిపేరు మా ఊళ్ళో లేదు. ఎలా కనుక్కోవాలి?
– నగరి పాఠకుడు

జవాబు: అది ఇంటిపేరు కాదు. వాళ్ళ మూలపురుషుడి పేరు మునుస్వామి, అంతే. కూలి ఒప్పందం మీద నేటాల్ (డర్బన్ ఉన్న దక్షిణాఫ్రికా ప్రాంతం) వెళ్ళినవాళ్ళకు ఓడ రిజిస్టరులో ఇంటిపేరు రాయలేదు. తర్వాతి తరాలకు ఆ ఒక్క పేరే ఇంటిపేరుగా నిలిచిపోయింది. మీ ఊళ్ళో మూన్‌సామీల కోసం వెతికితే ఎప్పటికీ దొరకరు.

ఆయన్ను అడగాల్సింది ఒక్కటే, కలోనియల్ నంబరు. మద్రాసు నుంచి మొదటి ఓడ ట్రూరో 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 దాకా ఓడలు సాగాయి. ఒక్కో మనిషికీ ఒక్కో నంబరు. ఆ వరసలో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటిమీది పుట్టుమచ్చలు ఉంటాయి. నంబరు లేకుండా "మునుస్వామి" అని వెతికితే వందలమంది వస్తారు. వాళ్ళింట్లో పాత వివాహ, మరణ పత్రాలుంటే వాటిమీద ఆ నంబరు ఉండొచ్చు.

జిల్లా గడిలో ఉత్తర ఆర్కాటు అని ఉండాలి. 1911 దాకా ఆ జిల్లా కేంద్రం చిత్తూరే. ఊరిపేర్లు గుమాస్తా చెవికి విన్నట్టు ఇంగ్లీషులో రాశాడు. అందుకే పైకి గట్టిగా చదవండి, కంటికి తెలియనిది చెవికి తెలుస్తుంది. పుత్తూరు పేరుతో కర్ణాటకలోనూ ఊరుంది, చిత్తూరు పేరుతో కేరళలో పాలక్కాడ్ దగ్గరా ఉంది. జిల్లా, తాలూకా, గ్రామం మూడూ కలిస్తేనే మీ ఊరు. కలిస్తే, ఓడ తేదీకి ముందు మీ ఊరి దస్తావేజుల్లో ఆ తండ్రి పేరు ఇండెక్స్ 1లో వెతకండి. తండ్రీ కొడుకుల పేర్లు కలిసిన కాగితం దొరికేదాకా ఆయన్ను చుట్టంగా పిలిచి భోజనం పెట్టండి గానీ చెట్టులో రాయకండి.

ఫిజీ వెళ్ళినవాళ్ళకూ ఇలాంటి వివరాలున్న వలస పాసులున్నాయి. మద్రాసు నుంచి ఫిజీకి ఓడలు 1903 నుంచి పోయాయి. మారిషస్ వాళ్ళ రికార్డు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది.

ప్రశ్న: కష్టపడి వేసిన వంశవృక్షం తహసీల్దారు ఆఫీసులో ఇస్తే పొలం మా పేరుకు మారుతుందా?

జవాబు: మారదు. వాళ్ళడిగేది మరణ ధృవీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. మీ చెట్టు ఆ దరఖాస్తులో పేర్లు తప్పిపోకుండా చూసుకోవడానికి పనికొస్తుంది. ముఖ్యంగా పెళ్ళై వెళ్ళిన అత్తల పేర్లు.

ప్రశ్న: ముక్కలైపోతున్న స్టాంపు కాగితం ఒకటుంది. లామినేషన్ చేయించమంటారా?
– పీలేరు పాఠకుడు

జవాబు: వద్దు. వేడికి సిరా చెదురుతుంది, ప్లాస్టిక్ మళ్ళీ ఊడి రాదు. సెలోటేపు కూడా వద్దు, నాలుగేళ్ళకు జిగురు పసుపు తిరిగి రాతను తినేస్తుంది. చదునుగా పరిచి, నీడలో, ఫ్లాష్ లేకుండా ఫోటో తీయండి. స్కానర్ ఉంటే 400 డీపీఐలో. తర్వాత రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి అట్టపెట్టెలో పడుకోబెట్టండి, మడవకండి. తాటాకులైతే మీరు నూనెలు రాయకుండా తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ ప్రాచ్య పరిశోధన సంస్థలో చూపించి సలహా అడగండి.

తేదీ చిరిగిపోయి ఉంటే స్టాంపు మీది బొమ్మ చూడండి. విక్టోరియా అయితే 1901కి ముందు ముద్రించింది. ఏడో ఎడ్వర్డు 1910 దాకా, ఐదో జార్జి 1936 దాకా. కానీ అమ్మేవాడి దగ్గర పాత సరుకు ఉండొచ్చు, అందుకని రాసింది ఆ బొమ్మలోని రాజో రాణో గద్దెక్కకముందు కాదు అని మాత్రమే చెప్పగలం. కాగితం తిప్పి వెనకవైపూ ఫోటో తీయండి. స్టాంపు వెండరు అక్కడ వరుస నంబరు, అమ్మిన తేదీ, కొన్న మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు రాసి ఉంటాడు. ముందువైపు చెదలు తిన్న కాగితాల్లో కూడా ఆ రెండు పంక్తులు చాలాసార్లు మిగిలే ఉంటాయి.